చిన్న ట్రాక్టరు కొనదలచిన రైతులకు
(వరంగల్ ప్రాంత రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పత్తి ఏరి, వడ్లు అమ్మి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులలో మన వైపు ట్రాక్టర్ల మాట ఎక్కువగా వినబడుతుంది. ఎనుమాముల మార్కెటులో సరుకు దించిన రైతు తిరుగుదారిలో ఏదో ఒక ట్రాక్టరు దుకాణము ముందు ఆగకుండా ఇంటికి చేరడము కష్టము. ఇదివరలో అక్కడ 40, 50 అశ్వశక్తి గల పెద్ద బండ్లే కనబడేవి. ఇప్పుడు వాటి పక్కన పొట్టివి, సన్ననివి కూడ వచ్చి నిలబడినవి. 15 నుండి 30 అశ్వశక్తి వరకు ఉండే ఈ బండ్లను గురించి, ముఖ్యముగా ఒకే శక్తి గల రెండు మూడు నమూనాలలో ఏది మనకు పనికి వచ్చునో తేల్చుకొనే పద్ధతిని గురించి ఈ పూట మనవి చేయదలచినాను.

ఈ చిన్న బండ్ల మీద మనసు పోవడములో తప్పు లేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము తెలంగాణలో సగటు కమతము ఒక హెక్టారు, అనగా రెండున్నర ఎకరాలు. అంత కమతములో పెద్ద బండి మలుపు తిరిగే సరికే గెట్టు వచ్చును. ఎద్దుల జతలు తగ్గిపోయినవి. పత్తిలో గుంటుక తోలడానికి మనిషీ దొరకడు, ఎద్దూ దొరకదు. మిరపకు మందు కొట్టించడానికి కైకిలి మనుషుల కొరకు ఊరంతా తిరగవలసి వచ్చుచున్నది. కనుక సాళ్ల నడుమ తిరిగే చిన్న యంత్రము కావలెననుట సహజమే.

రైతులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "సారూ, మూడు కంపెనీలోళ్లు కూడ ఇరవై నాలుగు హార్సుపవరే అంటున్నరు. ఏది తీసుకోమంటరు?" ఈ ప్రశ్నలో న్యాయము ఉన్నది. మహీంద్రా జీవో 245 ఉన్నది, కుబోటా నియోస్టార్ బి2441 ఉన్నది, మహీంద్రావారిదే ఓజా 2124 ఉన్నది. మూడింటికీ 24 అశ్వశక్తియే. మూడూ నాలుగు చక్రాలకు శక్తి అందేవే. ఓజా రకము 2023 ఆగస్టులో వెలువడినది. మన రాష్ట్రములోనే, జహీరాబాదులో తయారగుచున్నది. జీవోకు రెండు సిలిండర్లు, మిగిలిన రెండింటికి మూడేసి. పేరుకు ఈ మూడు చెప్పినాను గాని ఈ వరుసలో ఇంకా పలు కంపెనీల బండ్లు ఉన్నవి. ఏ ఒక్క దానినీ కొనుమని గాని, మానుమని గాని నేను చెప్పబోవడము లేదు. చెప్పదలచిన మాట ఒకటే: అశ్వశక్తి సమానమైనప్పుడు తేడా అంతా మిగిలిన సంగతులలో ఉండును. ఆ సంగతులను దుకాణములో గాక మీ చేనులో కొలిచి చూడవలెను.

మొదట పేరులోని అంకెల సంగతి. బి2441లో, ఓజా 2124లో 24 అనునది అశ్వశక్తిని తెలుపునట్లే ఉన్నది. కాని దీనిని సూత్రముగా పట్టుకొనరాదు. స్వరాజ్ 717 అనునది 15 అశ్వశక్తి బండి. మహీంద్రా 475 అనునది 42 అశ్వశక్తి బండి. అంకె పెద్దదైనంత మాత్రాన బలము పెద్దది కాదు.

ఇక ఆ 24 అనునది ఎక్కడి బలము? అది ఇంజను బలము. రోటవేటరు గాని, మందు కొట్టే పంపు గాని తిరిగేది వెనుకనున్న పి.టి.వో. దండము మీద. గేర్లలో, పంపులలో కొంత శక్తి ఖర్చయి, దండము దగ్గరకు వచ్చేసరికి పది పదిహేను శాతము, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ, తగ్గును. ఒకే ఇంజను బలము చెప్పే రెండు బండ్లలో ఈ తరుగు ఒకటిగా ఉండదు. కావున "పి.టి.వో. మీద ఎంత?" అని అడుగవలెను. దండము నిమిషానికి 540 చుట్లు తిరగడానికి ఇంజను ఎన్ని చుట్లు తిరగవలసి ఉండునో కూడ అడుగవలెను. మందు కొట్టుటకు పూర్తి బలము అక్కరలేదు. తక్కువ ఇంజను వేగములోనే 540 చుట్లు ఇచ్చే ఏర్పాటు ఉన్న బండి, మిరప తోటకు పదేపదే మందు కొట్టవలసిన రైతుకు డీజిలు ఆదా చేయును. ఇక సిలిండర్లు రెండా మూడా అను వాదము ఊళ్లలో చాల జరుగుచున్నది. మూడు ఉన్నచో అదురు తక్కువ. అంతకు మించి దాని మీద తగువులాడ నక్కరలేదు.

అమ్మేవాడు చెప్పిన మాటను ఎట్లు నమ్మవలెను అను సందేహము మనకే వచ్చినది కాదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రమున విల్మట్ క్రోజియర్ అను రైతు ఒకడు ఉండెను. కొన్న ట్రాక్టర్లు చెప్పినంత పని చేయక అతడు విసిగిపోయెను. చివరకు కొన్న ఒక బండి మాత్రము చెప్పిన దానికన్న ఎక్కువే పని చేసినది. అన్ని బండ్లూ అట్లు ఎందుకు ఉండరాదని అతనికి తోచినది. అతడు శాసనసభకు ఎన్నికై, మరొక సభ్యునితో కలిసి బిల్లు ప్రవేశపెట్టగా 1919లో అది చట్టమైనది. ఆ రాష్ట్రమున అమ్మదలచిన ప్రతి ట్రాక్టరు నమూనాను అక్కడి విశ్వవిద్యాలయము పరీక్షించవలెనని ఆ చట్టము అప్పుడు విధించినది. 1920 నుండి లింకన్ నగరములో ఆ పరీక్షలు మొదలైనవి. ఆ చట్టములో ఇంకొక నిబంధన ఉండెను, మన రైతులు గుర్తించదగినది: బండి అమ్మే కంపెనీ ఆ రాష్ట్రములోనే విడిభాగాలు నిలువ ఉంచవలెనని.

మన దేశమున ఆ పని చేయుటకు మధ్యప్రదేశ్‌లోని బుధ్ని అను చోట కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది. 1955లో శిక్షణ కేంద్రముగా ఏర్పడి, 1959 నుండి ట్రాక్టర్లను పరీక్షించుచున్నది. దక్షిణాదికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983లో మరొకటి ఏర్పడినది. ఈ సంస్థలు బండిని పరీక్షించి నివేదిక వ్రాయును. కంపెనీ ప్రకటించిన అంకె ఒక వైపు, పరీక్షలో తేలిన అంకె మరొక వైపు అందులో కనబడును. దుకాణదారు ఇచ్చే రంగుల కాగితములో బండి పక్కన నవ్వుతూ నిలబడిన రైతు బొమ్మ ఉండును. నివేదికలో బొమ్మలు తక్కువ, లెక్కలు ఎక్కువ. ఇంగ్లీషులో ఉన్నదని వెనుదీయవద్దు. చదువుకున్న పిల్లవాని చేత నాలుగు అంకెలు చూపించుకొన్న చాలును: పి.టి.వో. మీద గరిష్ఠ శక్తి ఎంత, ఆ శక్తి వద్ద గంటకు ఎన్ని లీటర్ల డీజిలు, బండి బరువెంత, లిఫ్టు ఎంత ఎత్తినది. లీటర్లను ఒంటరిగా చూడరాదు. శక్తిని లీటర్లతో భాగించి, ఒక లీటరుకు ఎంత శక్తి వచ్చినదో పోల్చవలెను. తక్కువ తాగే బండి తక్కువ పని చేసేది కూడ కావచ్చును.

లిఫ్టు విషయములో ఒక మెలిక ఉన్నది. కాగితము మీద "750 కిలోలు ఎత్తును" అని ఉండును. ఎక్కడ ఎత్తును? లింకు చేతుల చివర, కొక్కెముల దగ్గర. మన పనిముట్టు బరువు అక్కడ ఉండదు, వెనుకకు సాగి ఉండును. అందుకే పరీక్షలో కొక్కెముల నుండి 610 మిల్లీమీటర్లు వెనుక కూడ బరువు పెట్టి చూతురు. అక్కడ తేలే అంకె ఎప్పుడూ చిన్నది. 400 లీటర్ల మందు ట్యాంకును వెనుక తగిలించినచో నీళ్లే 400 కిలోలు. ట్యాంకు, పంపు, గొట్టాల బరువు అదనము. లిఫ్టు ఎత్తినా, చిన్న బండికి ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. గెట్టు ఎక్కేటప్పుడు అది ప్రమాదము. కనుక 610 దగ్గరి అంకెను బట్టి, ముందు బరువులు తగిలించుకొనే వీలును బట్టి ట్యాంకు ఎంతదో నిర్ణయించుకొనవలెను గాని, ముందు ట్యాంకు కొని తరువాత బాధపడరాదు.

ఇప్పుడు చేను దగ్గరకు పోదాము. దుకాణానికి పోవుటకు ముందు టేపు ఒకటి పట్టుకొని మీ సాళ్లు కొలవండి. ఇదే అన్నిటికన్న ముఖ్యమైన కొలత. దీనినే ఎక్కువ మంది మరచిపోదురు.

పత్తిని 90 సెంటీమీటర్ల ఎడముతో వేసినారనుకొందాము. అందులో ట్రాక్టరు పోవడానికి రెండు తీరులు. ఒకటి, మొక్కల వరుస ట్రాక్టరు కడుపు కింద ఉండగా, చక్రాలు వరుసకు ఇరుపక్కల నడచుట. దీనికి చక్రము నడిమి నుండి చక్రము నడిమికి ఎడము సరిగా 90 సెంటీమీటర్లు ఉండవలెను. ముందు చక్రాలకూ, వెనుక చక్రాలకూ కూడ అంతే ఉండవలెను. బండి కడుపు ఎత్తు 30 సెంటీమీటర్లయితే, మొక్క ఆ ఎత్తు దాటిన తరువాత కొమ్మలు విరుగును. అనగా ఈ తీరున మొదటి రెండు మూడు అంతరకృషులకే బండి పనికి వచ్చును. రెండవ తీరు, రెండు వరుసల నడుమ బండి మొత్తము పోవుట. ఇక్కడ కొలవవలసినది టైర్ల బయటి అంచు నుండి బయటి అంచుకు. 90 సెంటీమీటర్ల వెడల్పు బండి 90 సెంటీమీటర్ల సాలులో పోదు. ఇరుపక్కల పదిహేనేసి సెంటీమీటర్లు వదలిన 120 సెంటీమీటర్ల సాలు కావలెను. పత్తి కొమ్మలు చాచిన తరువాత అదీ ఇరుకే.

కనుక అడుగవలసిన ప్రశ్న "ఇది పత్తిలో పోవునా?" అని కాదు. అట్లు అడిగినచో ఎవరైనా పోవుననియే చెప్పుదురు. "చక్రాల ఎడము ఎంత నుండి ఎంత వరకు మార్చవచ్చును? రింగులు తిప్పి బిగించినచో ఎంత వచ్చును? ఇరుకు టైర్లు దొరకునా?" అని అడుగవలెను. ఒకే 24 అశ్వశక్తి గల రెండు బండ్లలో ఒకటి మీ సాలుకు సరిపడి, మరొకటి ఒక జానెడు ఎక్కువై పనికిరాకుండ పోవచ్చును. కొందరు రైతులు బండిని బట్టి సాళ్లు మార్చుకొందురు. అదీ చేయవచ్చును గాని, ఎకరానికి మొక్కల సంఖ్య ఎంత తగ్గునో చూచుకొని చేయవలెను.

ఎడము తగ్గిన కొద్దీ బండి ఒరిగే అవకాశము పెరుగును. ఏటవాలు చెలకలలో, గెట్ల మీద, దరి లేని పాత బావుల పక్కన చిన్న బండి కదా అని పిల్లల చేతికి ఇవ్వరాదు. వెనుక రక్షణ కమ్మీ ఉన్న బండిని ఎన్నుకొనండి. పి.టి.వో. దండము మీద తొడుగు లేకుండ నడుపవద్దు; తువ్వాలు కొస, చీర కొంగు చుట్టుకొన్నచో లాగుకొని పోవుటకు రెప్పపాటు చాలును.

చెరువు కింద, కాలువ కింద తరి భూమి ఉన్నవారి లెక్క వేరు. పాకాల ఆయకట్టులో వరి పెట్టే రైతుకు సాళ్ల ఎడముతో పని లేదు, కరిగెటతో పని. బురదలో నాలుగు చక్రాల బండి రెండు చక్రాల దానికన్న మేలు. బరువు తక్కువైన బండి తక్కువ దిగబడును. అయితే ముందు ఇరుసులోకి, బ్రేకులలోకి బురద పోకుండ సీళ్లు గట్టిగా ఉన్నవా, ఇనుప చక్రాలు బిగించుటకు కంపెనీ ఒప్పుకొనునా, బిగించినచో వారంటీ చెల్లునా అని ముందే కాగితము మీద వ్రాయించుకొనవలెను. ఆ ఇనుప చక్రాలతో తారు రోడ్డెక్కినచో రోడ్డు పాడగుటే గాక, కేసు కూడ అగును.

బరువు సంగతి చెలకలో తిరగబడును. గట్టి నేలలో కల్టివేటరు లాగుటకు చక్రము నేలను పట్టవలెను, అందుకు బరువు కావలెను. శక్తి ఉండీ బరువు లేని బండి నిలుచున్న చోటనే చక్రాలు తిప్పుకొనుచుండును, డీజిలు కాలును, టైరు అరుగును. దీనిని మీరే కొలువవచ్చును. వెనుక చక్రము మీద సుద్దతో గీత గీయండి. పనిముట్టు ఎత్తి పెట్టి, చక్రము పది చుట్లు తిరిగే వరకు నడిపి, పోయిన దూరము కొలవండి. 30 మీటర్లు వచ్చినదనుకొందాము. తరువాత అదే చేనులో పనిముట్టు దించి, దున్నుతూ పది చుట్లు తిప్పండి. 25 మీటర్ల 50 సెంటీమీటర్లు వచ్చినచో జారుడు 15 శాతము. అంతవరకు ఫరవాలేదు. 21 మీటర్లే వచ్చినచో 30 శాతము జారినట్లు. ఆ బండికి ఆ పనిముట్టు తగదు, లేదా చక్రాలకు బరువులు కట్టవలెను.

ఈ పరీక్ష చేయుటకు బండిని మీ చేనుకు తెప్పించుకొనవలెను. అమ్మేవారు తమకు అనువైన మెత్తని నేలలో చూపించి పంపుదురు. "మా చేనులో, మా పనిముట్టుతో, అర ఎకరము" అని పట్టుబట్టండి. డీజిలు ట్యాంకు మూతి దాకా నింపి మొదలుపెట్టి, ముగించిన తరువాత మళ్లీ మూతి దాకా నింపుటకు ఎన్ని లీటర్లు పట్టినదో చూడండి. గడియారము చూచుకొనండి. మలుపు దగ్గర ఎన్నిసార్లు వెనుకకు ముందుకు ఆడించవలసి వచ్చినదో లెక్కపెట్టండి. మూడు బండ్లనూ ఒకే చేనులో, ఒకే పదునులో చూచినచో వాదనలు అక్కరలేదు.

ఇక మరమ్మతు. జూలై, ఆగస్టు నెలలలో వాన తెరిపి ఇచ్చిన రెండు మూడు రోజులలోనే గుంటుక తోలుకొనవలెను. ఆ రోజులలో ఒక చిన్న సీలు కొరకు బండి వారము నిలిచిపోయినచో, గడ్డి పైరును మింగును. అందుచేత దుకాణములో మెరిసే బండిని చూచినంత సేపు వెనుకనున్న షెడ్డును కూడ చూడండి. మెకానిక్కులు ఎందరు? ఊరికి వచ్చి చేయుదురా? క్లచ్చి ప్లేటు, ఫిల్టర్లు, ముందు ఇరుసు సీళ్లు నిలువ ఉన్నవా, తెప్పించవలెనా? నర్సంపేటలో గాని, పరకాలలో గాని అదే నమూనాను మూడేండ్లుగా నడిపించే రైతు ఎవరో అడిగి తెలుసుకొని, అతని దగ్గరకు పోయి ఒక గంట కూర్చొనండి. కొత్తగా కొన్నవాడు తన బండిని పొగడును. మూడేండ్లు నడిపినవాడు నిజము చెప్పును. నా మట్టుకు నేను, రెండు బండ్లలో కాగితము మీద ఒకటి కొంచెము మేలైనా, దగ్గరలో మరమ్మతు దొరికే రెండవదే కొనుమందును.

చివరిది డబ్బు. ఇది కొంచెము నిదానముగా వినవలెను. లెక్క కొరకు 4 లక్షల రూపాయల అప్పు, ఏటికి 11 శాతము వడ్డీ, ఐదేండ్లలో ఆరు నెలలకొక కిస్తీ అనుకొందాము. కిస్తీ సుమారు 53,000 అగును. ఏటికి 1,06,000. ఐదేండ్లకు కట్టేది 5,30,000 పైమాట. మీ బ్యాంకు వడ్డీ వేరుగా ఉండవచ్చును, లెక్క తీరు ఇదే.

ఆరెకరాల రైతు తన సొంత పనికి బండిని ఏటికి ఎన్ని గంటలు నడుపును? రోటవేటరుకు పాతిక గంటలు, అంతరకృషికి ముప్పది, మందు కొట్టుటకు ఇరువది, తోలకాలకు పాతిక. మొత్తము వంద గంటలు. అనగా డీజిలు పోయక ముందే గంటకు 1,060 రూపాయలు కిస్తీ కింద పడుచున్నది. 400 గంటల పని ఉన్నచో గంటకు 265 మాత్రమే. అందుచేతనే "కిరాయికి తోలుకొందును" అని అందరూ అందురు. కాని కిరాయికి ఊరిలో 45, 50 అశ్వశక్తి బండ్లు పెద్ద రోటవేటర్లతో తయారుగా ఉన్నవి. చిన్న రోటవేటరుతో మీరు ఎకరానికి రెండింతల సమయము తీసుకొందురు, ఎవరు పిలుతురు? చిన్న బండికి కిరాయి వచ్చేది పెద్ద బండి పోలేని చోట: పత్తిలో అంతరకృషి, మిరపలో మందు, మామిడి తోటలో చెట్ల కింద సేద్యము. మీ ఊరిలో అట్టి చేలు ఎన్ని ఉన్నవో, అవి వేసినవారి సాళ్లు మీ బండికి సరిపడునో లేదో ఇంటింటికి పోయి అడిగి, ఆ గంటలే లెక్కలో వేయండి. గంటలు 250 కూడ దాటనిచో, అన్నదమ్ములు ఇద్దరు ముగ్గురు కలిసి కొనుట గాని, కిరాయికి తెచ్చుకొనుట గాని మేలు. 1997-98లో ఈ జిల్లాలో పత్తి దెబ్బతిని, అప్పు తీరే దారి కానరాక ఎందరు రైతులు ప్రాణాలు తీసుకొన్నారో ఇక్కడున్న పెద్దలు కండ్లార చూచినారు. బండి కిస్తీకి వానతో సంబంధము లేదు, ధరతో సంబంధము లేదు.

ధర అడిగినప్పుడు బండి ధర వేరుగా, రిజిస్ట్రేషను, బీమా వేరుగా, పనిముట్ల ధర వేరుగా వ్రాయించుకొనండి. ట్రాలీకి రిజిస్ట్రేషను విడిగా కావలెను. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్ల మీద జి.ఎస్.టి. 12 నుండి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుండి 5 శాతానికి తగ్గినది; పాత ధరల కాగితాలు చూపించినచో ఒప్పుకొనవద్దు. దసరాకు వెండి నాణెము, పెట్టె నిండ సామాను ఇత్తుమనుట వినసొంపుగానే ఉండును గాని, ఆ డబ్బు ధరలో తగ్గించుమనండి.

బండి ఇంటికి తెచ్చుకొనే రోజున ఇంజను నంబరు, చాసిస్ నంబరు బిల్లుతో సరిచూడండి. గంటల మీటరు ఎంత చూపుచున్నదో చూడండి. చూపుడు బండిగా తిరిగినదైతే అందులోనే తెలియును. వారంటీ పుస్తకములో తేదీ వేయించి, దుకాణము ముద్ర వేయించుకొనండి. మొదటి సర్వీసు ఎన్ని గంటలకో అడిగి, ఆ అంకెను మీటరు పక్కనే రంగుతో వ్రాసి పెట్టుకొనండి.